ఇల్లు వెతుక్కున్న కథలు: రూమర్ గాడెన్

రూమర్ గాడెన్ ఇరవయ్యో శతాబ్దపు ఆంగ్ల నవలాకారుల్లో చెప్పుకోదగ్గ పేరు. పిల్లల కోసం రాసినవాళ్లలోనైతే మొదటి వరుసలో నిలిచే రచయిత్రి. అరవైకి పైగా పుస్తకాలు రాసింది. పెద్దల నవలలు, బొమ్మల కథలు, జీవిత చరిత్రలు, రెండు సంపుటాల ఆత్మకథ అందులో ఉన్నాయి. పుట్టింది ఇంగ్లండులో, పెరిగింది అప్పటి తూర్పు బెంగాల్లో. బెంగాల్లో ఉన్నన్నాళ్లూ ఇంగ్లిషు దొరల పిల్ల, ఇంగ్లండు వెళ్లాక ఎక్కడినుంచో వచ్చిన పిల్ల. ఆ అనుభవమే ఆమె సాహిత్యానికి పెట్టుబడి. తనది కాని ఇంట్లోకి వచ్చిపడ్డ ఓ ప్రాణి అక్కడ కాస్త చోటు ఎలా సంపాదించుకుంటుంది? హిమాలయాల్లోని క్రైస్తవ సన్యాసినుల నవలలోనూ, అరచేతిలో ఇమిడే కొయ్యబొమ్మ కథలోనూ ఆమె అడిగింది ఈ ప్రశ్నే. అందుకే పెద్దల పుస్తకాలు వేరు, పిల్లల పుస్తకాలు వేరు అనుకుని చదివితే గాడెన్ సగమే అర్థమవుతుంది.

నది ఒడ్డున ఐదేళ్లు

పూర్తి పేరు మార్గరెట్ రూమర్ గాడెన్. 1907 డిసెంబరు 10న ఇంగ్లండు దక్షిణ తీరాన, సస్సెక్స్ ప్రాంతంలోని ఈస్ట్‌బోర్న్‌లో పుట్టింది. తండ్రి ఆర్థర్ లీ గాడెన్ బ్రహ్మపుత్ర మీద స్టీమర్లు నడిపే కంపెనీలో ఉద్యోగి. నలుగురు ఆడపిల్లలు: జాన్, రూమర్, నాన్సీ, రోజ్. వాళ్ల కాపురం ఢాకా దగ్గర, శీతలక్ష్య నది ఒడ్డున ఉన్న నారాయణ్‌గంజ్‌లో. అది జనపనార వ్యాపారానికి పెట్టింది పేరు. రేవులో పడవలు, నార బేళ్లు, స్టీమర్ల కూతలు, వాటి మధ్య పెద్ద తోట, తోట మధ్య ఓ పెద్ద మేడ.

బ్రిటిష్ ఇండియాలో ఉద్యోగాలు చేసే ఇంగ్లిషు కుటుంబాలకు ఓ ఆనవాయితీ ఉండేది. పిల్లలకు ఐదారేళ్లు రాగానే ఓడెక్కించి ఇంగ్లండు పంపేసేవారు. ఆ పిల్లలు ఏళ్ల తరబడి తల్లిదండ్రుల ముఖం చూడకుండా బంధువుల ఇళ్లలో, హాస్టళ్లలో పెరిగేవారు. 1913లో జాన్, రూమర్‌ల వంతు వచ్చింది. లండన్‌లో నానమ్మ ఇంటికి చేరారు. కఠినమైన క్రమశిక్షణ, చీకటి గదులు. ఏడాది తిరిగేసరికి మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. లండన్ మీద బాంబులు పడతాయన్న భయంతో 1914లో అక్కచెల్లెళ్లిద్దరినీ మళ్లీ నారాయణ్‌గంజ్‌కి పిలిపించుకున్నారు. అలా యుద్ధం పుణ్యమా అని ఆ పిల్లలకు ఐదేళ్లకు పైగా బాల్యం దక్కింది. బడి లేదు. ఇంట్లో పెద్దవాళ్లు చెప్పిందే చదువు. మిగిలిన పొద్దంతా డాబా మీద గాలిపటాలు, తోటలో ఆటలు, కథలు రాసుకోవడం. రూమర్ రాసేది, జాన్ రాసేది, బొమ్మలు కూడా వేసేది. ఆ అక్క కూడా తర్వాత నవలాకారిణి అయింది. ఈ ఏళ్లను తలచుకుంటూ ఇద్దరూ కలిసి 1966లో 'టూ అండర్ ద ఇండియన్ సన్' అనే పుస్తకం రాశారు.

అయితే ఆ బాల్యానికి ప్రహరీ గోడ ఉంది. ఇంటినిండా నౌకర్లు. వంటవాడు ఒక మతం, తోటమాలి ఇంకో కులం, ఆయా మరో ప్రాంతం. పిల్లలకు వాళ్లంతా ప్రాణం, కానీ వాళ్ల ఇళ్లు ఎలా ఉంటాయో తెలియదు. బజారు శబ్దం వినబడుతుంది, బజారులో తిరిగే స్వేచ్ఛ లేదు. గాడెన్ పెద్దయ్యాక ఈ గోడను దాచిపెట్టలేదు. ఆమె మంచి నవలల్లో అసలు కథ నడిచేది ఆ గోడ దగ్గరే.

1920లో మళ్లీ ఇంగ్లండు ప్రయాణం. పన్నెండేళ్ల పిల్లకు ఆ చలి, ఆ మబ్బు, ఆ బడులు పట్టలేదు. మొదట సన్యాసినులు నడిపే కాన్వెంటులో వేశారు. అక్కడ ఇమడలేక వరసగా బడులు మారింది. చివరికి ఈస్ట్‌బోర్న్‌లోని మొయిరా హౌస్‌లో మోనా స్వాన్ అనే ఉపాధ్యాయిని ఈ పిల్లలో రచయిత్రిని గుర్తించింది. మామూలు పాఠాలు కొన్ని పక్కనబెట్టించి మరీ రాయడం సాధన చేయించింది. వాక్యాన్ని చెక్కడం, అక్కర్లేని మాటను తీసేయడం గాడెన్‌కు ఆమె దగ్గరే అలవడ్డాయి.

నృత్యశాల నుంచి నవలకు

చదువయ్యాక మళ్లీ బెంగాల్ చేరిన గాడెన్, నృత్యం నేర్పడంలో శిక్షణ పొంది, 1920ల చివర్లో కలకత్తాలో పిల్లలకు డాన్స్ స్కూలు తెరిచింది. ఇంగ్లిషు ఇంటి ఆడపిల్ల బతుకుతెరువు కోసం డాన్సు నేర్పడాన్ని కలకత్తా దొరల సమాజం చిన్నచూపు చూసింది. పైగా ఆ వృత్తిలో ఎక్కువగా ఉన్నది ఆంగ్లో ఇండియన్ స్త్రీలు. గాడెన్ తన బడిలో ఇంగ్లిషు పిల్లలతో పాటు భారతీయ, ఆంగ్లో ఇండియన్ పిల్లలనూ చేర్చుకుంది. ఎటూ చెందకుండా మిగిలిపోయిన ఆ ఆంగ్లో ఇండియన్ కుటుంబాల బతుకే ఆమె రెండో పుస్తకం 'ద లేడీ అండ్ ద యూనికార్న్' (1937)కు వస్తువైంది. తొలి పుస్తకం 'చైనీస్ పజిల్' అంతకు ముందు ఏడాది వచ్చింది. వాటిని ప్రచురించిన పీటర్ డేవిస్ మరెవరో కాదు. 'పీటర్ పాన్' సృష్టికి ప్రేరణగా నిలిచిన అన్నదమ్ముల్లో ఒకడు.

1934లో కలకత్తా స్టాక్ బ్రోకర్ లారెన్స్ ఫాస్టర్‌ను పెళ్లాడింది. తొలి బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే చనిపోయాడు. తర్వాత జేన్, పౌలా అనే ఇద్దరు ఆడపిల్లలు. 1939లో వచ్చిన 'బ్లాక్ నార్సిసస్' ఆమె పేరును రెండు ఖండాల్లో మోగించింది. హిమాలయాల్లో ఓ కొండకొమ్మున పాడుబడ్డ ప్యాలెస్. ఒకప్పుడు రాజుగారి అంతఃపురం. అక్కడ బడి, ఆస్పత్రి పెడదామని కొందరు ఇంగ్లిషు సన్యాసినులు వస్తారు. గాలి ఆగదు, కొండ కదలదు, జనం మారరు. మారేది సన్యాసినులే. ఎప్పుడో అణచిపెట్టుకున్న కోరికలు, జ్ఞాపకాలు ఒక్కొక్కటే పైకి లేస్తాయి. ఏడాది తిరక్కుండానే మఠం మూతపడుతుంది. భారతదేశాన్ని సంస్కరించడానికి వచ్చినవాళ్లు ఓడిపోయి వెనుదిరిగే ఈ కథను ఓ ఇంగ్లిషు రచయిత్రి 1939లోనే, అంటే స్వాతంత్ర్యానికి ఎనిమిదేళ్ల ముందే రాసిందన్నది గమనించాల్సిన విషయం.

పుస్తకం డబ్బు తెచ్చింది గానీ అది చేతిలో నిలవలేదు. భర్త షేర్లలో చేసిన అప్పులు బయటపడ్డాయి. 1941లో ఆయన సైన్యంలోకి వెళ్లిపోయాడు. అప్పులు ఆమె నెత్తిన పడ్డాయి. 'బ్లాక్ నార్సిసస్' రాబడితో వాటిని తీర్చి, పిల్లలిద్దరితో మొదట డార్జిలింగ్ దగ్గర ఓ టీ తోటలో, ఆ తర్వాత కశ్మీర్‌లో తలదాచుకుంది. శ్రీనగర్ సమీపంలో కొండవాలున 'డవ్ హౌస్' అనే ఇంట్లో ఔషధ మొక్కలు పెంచుతూ, రాస్తూ, తక్కువ ఖర్చుతో బతకాలన్నది ఆమె ఆలోచన. 1944లో అది ఘోరంగా బెడిసికొట్టింది. ఇంట్లో తినే భోజనంలో గాజుపొడి కలిసినట్టు తేలింది. అనుమానం వంటవాడి మీదకు పోయింది. నేరం రుజువు కాలేదు. పిల్లలను తీసుకుని ఆమె కలకత్తాకు వెళ్లిపోయింది. 1945లో ఇంగ్లండుకు ఓడెక్కింది.

ఈ చేదు అనుభవాన్ని తొమ్మిదేళ్లకు 'కింగ్‌ఫిషర్స్ క్యాచ్ ఫైర్' (1953) నవలగా మలిచింది. మరొకరైతే నమ్మకద్రోహానికి గురైన తెల్లదొరసాని కథ రాసేవారు. గాడెన్ అలా చేయలేదు. కథానాయిక సోఫీ తాను పేదదాన్నని అనుకుంటుంది, పేదల్లో పేదగా బతుకుతానంటుంది. ఊరి జనానికి మాత్రం ఆమె ఇంట్లోని తివాచీలు, పింగాణీ పాత్రలు కళ్లు చెదిరే ఐశ్వర్యం. తన మంచితనం మీద తనకున్న నమ్మకంతో ఊళ్లోని రెండు వర్గాల పోరులో ఆమె తెలియకుండానే నిప్పు రాజేస్తుంది. తప్పు ఎవరిదన్న లెక్కలో సోఫీని రచయిత్రి ఏమాత్రం వదిలిపెట్టదు. వలస పాలన నాటి ఇంగ్లిషువాళ్ల ఆత్మపరిశీలనగా ఈ నవలకు దక్కాల్సిన పేరు ఇప్పటికీ దక్కలేదు.

రెండు సినిమాలు, రెండు ఇండియాలు

'బ్లాక్ నార్సిసస్'ను మైకేల్ పావెల్, ఎమెరిక్ ప్రెస్‌బర్గర్ 1947లో సినిమాగా తీశారు. డెబొరా కెర్ నాయిక. హిమాలయాలన్నీ ఇంగ్లండులోని పైన్‌వుడ్ స్టూడియోలోనే, గాజు మీద గీసిన చిత్రాలతో పుట్టుకొచ్చాయి. ఛాయాగ్రహణానికి జాక్ కార్డిఫ్, కళా దర్శకత్వానికి ఆల్‌ఫ్రెడ్ యూంగె ఆస్కార్లు అందుకున్నారు. సినిమా చరిత్రలో దానిది గొప్ప స్థానం. గాడెన్‌కు మాత్రం అది నచ్చలేదు. తాను ఎరిగిన కొండలు, మనుషులు ఆ రంగుల్లో ఆమెకు కనిపించలేదు.

అదే 'ద రివర్' దగ్గరకొచ్చేసరికి కథ వేరు. 1946లో వచ్చిన ఈ చిన్న నవలలో నారాయణ్‌గంజ్ బాల్యం మొత్తం ఉంది. కవిత్వం రాసుకునే హ్యారియట్, పెద్దదవుతున్న అక్క బీ, యుద్ధంలో కాలు పోగొట్టుకుని వచ్చిన కెప్టెన్ జాన్, తోటలో నాగుపామును మచ్చిక చేసుకోబోయి ప్రాణం పోగొట్టుకునే తమ్ముడు బోగీ. ఇల్లు ఏడుస్తుంది. నది మాత్రం పారుతూనే ఉంటుంది. ఫ్రెంచి దర్శకుడు జాఁ రెన్వార్ దీన్ని చదివి, భారతదేశంలోనే తీయాలని పట్టుబట్టాడు. గాడెన్, రెన్వార్ కలిసి స్క్రీన్‌ప్లే రాశారు. నవలలో లేని మెలనీ అనే పాత్ర సినిమాలో వచ్చి చేరింది. ఇంగ్లిషు తండ్రికి, భారతీయ తల్లికి పుట్టిన ఆ అమ్మాయిగా నర్తకి రాధ నటించింది. ఆమే తర్వాతి కాలంలో రాధా బర్నియర్‌గా అడయారు దివ్యజ్ఞాన సమాజానికి అధ్యక్షురాలైంది.

కలకత్తా చేరువలో హుగ్లీ ఒడ్డున చిత్రీకరణ జరిగింది. భారతదేశంలో తీసిన తొలి టెక్నికలర్ చిత్రం ఇదే. లొకేషన్ల వేటలో రెన్వార్‌తో తిరిగిన కుర్రాడు సత్యజిత్ రాయ్. అప్పటికి ఓ ప్రకటనల కంపెనీలో ఉద్యోగి. కళా విభాగంలో పనిచేసిన బన్సీ చంద్రగుప్త, షూటింగ్ చూడ్డానికి వచ్చి కూర్చునే సుబ్రత మిత్ర ఆ తర్వాత రాయ్ తీసిన 'పథేర్ పాంచాలి'కి కళా దర్శకుడు, ఛాయాగ్రాహకుడు అయ్యారు. 1951లో విడుదలైన 'ద రివర్' వెనిస్‌లో బహుమతి అందుకుంది. ఓ ఇంగ్లిషు బాలిక జ్ఞాపకాల చుట్టూ తీసిన సినిమా దగ్గర బెంగాలీ కొత్త సినిమా ఓనమాలు దిద్దుకోవడం గాడెన్ జీవితంలోని అపురూపమైన ఘట్టాల్లో ఒకటి.

బొమ్మలు కోరుకోగలవు, చేయలేవు

ఇంగ్లండు చేరిన రెండేళ్లకు, 1947లో గాడెన్ తొలి పిల్లల పుస్తకం 'ద డాల్స్ హౌస్' వచ్చింది. టాటీ అనేది వందేళ్ల కిందట కారుచౌకగా అమ్మిన చిన్న కొయ్యబొమ్మ. మిస్టర్ ప్లాంటాజెనెట్, సెల్యులాయిడ్‌తో చేసిన బర్డీ, బుజ్జి యాపిల్ కలిసి ఓ కుటుంబం. చెప్పుల పెట్టెల్లో కాపురం. వాళ్లకు ఓ ఇల్లు కావాలి. యుద్ధం తర్వాత ఇళ్లు దొరకని లండన్‌లో పుట్టిన కథ ఇది. చివరికి పాత బొమ్మరిల్లు ఒకటి దొరుకుతుంది. దాంతోపాటు మార్చ్‌పేన్ అనే ఖరీదైన, క్రూరమైన బొమ్మ కూడా వస్తుంది. ఇంటి యజమానులైన చిన్నపిల్లలు ఆ అందానికి లొంగి టాటీ కుటుంబాన్ని అటక గదికి, నౌకర్ల స్థాయికి దిగజారుస్తారు. ఒకనాడు దీపం దగ్గర యాపిల్ ప్రమాదంలో పడితే, బర్డీ అడ్డుపడి మంటల్లో కరిగిపోతుంది.

ఇందులో గాడెన్ పెట్టిన నియమం ఒక్కటే. బొమ్మలు ఏమీ చేయలేవు, గట్టిగా కోరుకోగలవు. ఆడుకునే మనిషి పిల్లలకు ఆ కోరిక అందితే సరే, అందకపోతే అంతే. ఈ నియమం వల్లే ఆమె బొమ్మల కథలకు అంత బరువు వచ్చింది. తమ బతుకును పెద్దలు నిర్ణయిస్తుంటే నోరు మెదపలేని పిల్లల స్థితే ఆ బొమ్మల స్థితి. ఐదారేళ్ల వయసులో ఓడెక్కించిన పిల్లకు ఈ సంగతి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. దసరాకు బొమ్మల కొలువు తీర్చే ఇంట్లో ఏ బొమ్మ ఏ మెట్టు మీద కూర్చోవాలన్న పేచీ ఎంత గంభీరమైనదో తెలిసినవాళ్లకు ఈ పుస్తకం ఇట్టే పట్టుబడుతుంది.

1951లో 'ద మౌస్‌వైఫ్' వచ్చింది. కవి వర్డ్స్‌వర్త్ చెల్లెలు డొరొతీ రాసిపెట్టుకున్న ఓ చిన్న సంగతి దీనికి మూలం. గూట్లోని ఎలుక ఇల్లాలికి పంజరంలోని పావురంతో స్నేహం కుదురుతుంది. 'ఇంప్యూనిటీ జేన్' (1954), 'ద ఫెయిరీ డాల్' (1956), 'ద స్టోరీ ఆఫ్ హాలీ అండ్ ఐవీ' (1958) వరసగా వచ్చాయి. 1961 నాటి 'మిస్ హ్యాపీనెస్ అండ్ మిస్ ఫ్లవర్'లో దక్షిణ భారతంలోని టీ తోట నుంచి ఇంగ్లండుకు వచ్చిపడ్డ ఎనిమిదేళ్ల నోనాకు ఎవరితోనూ పొసగదు. అదే ఇంటికి రెండు జపాన్ బొమ్మలు కానుకగా వస్తాయి. వాటి బెంగ తన బెంగే అని గ్రహించిన నోనా, వాటి కోసం జపాన్ పద్ధతిలో ఓ ఇల్లు కట్టడానికి పూనుకుంటుంది. ఆ పనిలోనే మాట, స్నేహం, ధైర్యం తిరిగొస్తాయి. చదివే పిల్లలూ కట్టుకునేలా ఆ ఇంటి ప్లాన్లు కూడా పుస్తకం చివర ఇచ్చారు.

'ద కిచెన్ మడోన్నా' (1967) ఇంకా లోతైనది. ఎవరికీ దగ్గరకాని తొమ్మిదేళ్ల గ్రెగరీ, ఉక్రెయిన్ నుంచి వచ్చిన పనిమనిషి మార్తా బాధను గమనిస్తాడు. ఆమె ఊళ్లో వంటింటి మూల ఉండే మేరీమాత పటం ఇక్కడ లేదు. గుడ్డపీలికలు, మిఠాయి కాగితాలు పోగేసి ఆ పిల్లవాడే పటం తయారుచేస్తాడు. 1972లో విట్‌బ్రెడ్ పురస్కారం పొందిన 'ద డిడకోయ్'లో ఏడేళ్ల కిజీ సగం జిప్సీ. బామ్మ చనిపోతే ఆచారం ప్రకారం వాళ్ల బండిని తగలబెడతారు. బడిలో పిల్లలు ఆమెను ఏడిపిస్తారు, కొడతారు. ఊరి పెద్దలేమో దయ చూపిస్తూనే ఆమెను తమలా మార్చేయాలని చూస్తారు. పిల్లల క్రూరత్వాన్ని గాడెన్ దాచలేదు, పెద్దల దయలోని పెత్తనాన్నీ దాచలేదు. నిజం చెబితే పిల్లలు తట్టుకోలేరన్న భయం ఆమెకు లేదు.

భాష విషయంలోనూ ఆమెది ఇదే పట్టుదల. చిన్నపిల్లల పుస్తకాల్లో తేలిక మాటలే వాడాలంటూ పరిమిత పదపట్టికలు తయారుచేసే ధోరణి అమెరికాలో బలపడుతున్న రోజుల్లో, గాడెన్ 'హార్న్ బుక్' పత్రికలో ఓ కల్పిత ఉత్తర ప్రత్యుత్తరం రాసింది. అందులో ఓ ప్రచురణకర్త బియట్రిక్స్ పాటర్ ఆత్మకు ఉత్తరాలు రాసి, ఆమె కథల్లోని కష్టమైన మాటలు మార్చమంటాడు. పాటర్ ససేమిరా అంటుంది. కొత్త మాట పిల్లలకు ఆనందమే తప్ప అడ్డంకి కాదన్న గాడెన్ వాదన పిల్లల పుస్తకాలు రాసే ప్రతి భాషకూ వర్తిస్తుంది.

పిల్లలు నడిపే పెద్దల నవలలు

పెద్దల కోసం రాసిన నవలల్లోనూ కథను నడిపేది తరచు పిల్లలే. 'యాన్ ఎపిసోడ్ ఆఫ్ స్పారోస్' (1955)లో తల్లి వదిలేసిన లవ్‌జాయ్ అనే పిల్ల, బాంబు దాడిలో కూలిన చర్చి శిథిలాల మధ్య దొంగతనంగా తోట వేస్తుంది. డబ్బున్నవాళ్ల పార్కులోంచి మట్టి ఎత్తుకొస్తుంది. మట్టి దొంగతనం కింద లెక్కా అన్న ప్రశ్న మీద నవల నిలబడుతుంది. 'ద గ్రీన్‌గేజ్ సమ్మర్' (1958) వెనక సొంత అనుభవం ఉంది. 1923లో తల్లి తన కూతుళ్లకు మొదటి ప్రపంచ యుద్ధ భూములు చూపించాలని ఫ్రాన్సుకు తీసుకెళ్లి దారిలో జబ్బుపడింది. తోడు లేని పిల్లలు పరాయి దేశపు హోటల్లో, పెద్దల రహస్యాల మధ్య గడిపిన ఆ వేసవే నవల అయింది. 1961లో సినిమాగానూ వచ్చింది.

ఆమె వ్యక్తిగత జీవితం ఈలోగా కుదుటపడింది. 1949లో ప్రభుత్వోద్యోగి జేమ్స్ హేన్స్ డిక్సన్‌ను రెండో పెళ్లి చేసుకుంది. ఆయన ఆమె రచనా జీవితానికి కొండంత అండ. 1968లో ఇద్దరూ రై పట్టణంలోని లాంబ్ హౌస్‌కు మారారు. ఒకప్పుడు నవలాకారుడు హెన్రీ జేమ్స్ నివసించిన ఇల్లది. అదే ఏడాది ఆమె రోమన్ క్యాథలిక్ మతం స్వీకరించింది. దాని వెనక స్టాన్‌బ్రూక్ మఠంలోని బెనెడిక్టైన్ సన్యాసినులతో ఏళ్ల పరిచయం ఉంది. వాళ్ల దినచర్య, ప్రార్థనలు, తగాదాలు, డబ్బు ఇబ్బందులు దగ్గరుండి గమనించి రాసిన 'ఇన్ దిస్ హౌస్ ఆఫ్ బ్రీడ్' 1969లో వచ్చింది. 'బ్లాక్ నార్సిసస్'లో మఠం కూలిపోతుంది. ముప్పై ఏళ్ల తర్వాతి ఈ నవలలో మఠం నిలబడుతుంది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఆమె ఎదిగిన తీరు తెలుస్తుంది.

డిక్సన్ 1973లో కన్నుమూశాడు. కొన్నేళ్లకు ఆమె పెద్ద కూతురు జేన్‌కు దగ్గరగా ఉండటానికి స్కాట్లండ్‌లోని మోనియైవ్ గ్రామం చేరింది. వయసు మీదపడినా రాత ఆగలేదు, భారతదేశం మీద ధ్యాసా పోలేదు. 'ద పీకాక్ స్ప్రింగ్' (1975) ఢిల్లీ కథ. 1980లో బాబరు కూతురు గుల్‌బదన్ జీవిత చరిత్ర రాసింది. 'కోరమాండల్ సీ చేంజ్' (1991) మన తూర్పు తీరాన, ఎన్నికల హడావిడి నడుమ ఓ కల్పిత హోటల్లో జరుగుతుంది. చివరి నవల 'క్రోమార్టీ వర్సెస్ ద గాడ్ శివ' (1997)కు ప్రేరణ ఓ నిజమైన వ్యాజ్యం. తమిళనాడులోని పత్తూరు గుడి నుంచి దొంగల పాలై లండన్ చేరిన చోళుల నాటి నటరాజ విగ్రహం కోసం ఇంగ్లండు కోర్టులో నడిచిన ఆ దావాలో వాది సాక్షాత్తూ దేవుడే. విగ్రహం 1991లో తిరిగొచ్చింది. తొంభైకి చేరువైన రచయిత్రి తన ఆఖరి కథగా ఇల్లు చేరాల్సిన దేవుణ్ని ఎంచుకోవడం ఆమె జీవితమంతా అడిగిన ప్రశ్నకు తగ్గట్టే ఉంది.

1993లో బ్రిటిష్ ప్రభుత్వం ఓబీఈ బిరుదు ఇచ్చింది. ఆ మరుసటి ఏడు బీబీసీ డాక్యుమెంటరీ కోసం చివరిసారి భారతదేశానికి వచ్చింది. 1998 నవంబరు 8న, తొంభై ఏళ్ల వయసులో మరణించింది.

గాడెన్ రాసిన భారతదేశం సంపూర్ణం కాదు. జాతీయోద్యమం, బెంగాల్ కరువు, దేశ విభజన వంటి పెద్ద ఘట్టాలు ఆమె కల్పనలో ప్రధాన వస్తువులు కాలేదు. నౌకర్ల మనసులోకి ఆమె వెళ్లగలిగింది తక్కువ. ఈ లోటు నిజమే. కానీ తాను నిలబడిన చోటు నుంచి ఎంతవరకు కనబడుతుందో అంతే చూశానని ఒప్పుకునే నిజాయితీ ఆమె నవలల్లో ఉంది. ఆమె కాలపు ఆంగ్ల రచయితల్లో అది అరుదు. పిల్లల రచయిత్రిగా మాత్రం మినహాయింపులు అక్కర్లేదు. టాటీ, నోనా, కిజీ ఆంగ్ల బాలసాహిత్యంలో చెక్కుచెదరని పాత్రలు. ఆమెను చదవడం మొదలుపెట్టాలనుకునే పెద్దలకు 'ద రివర్' సరైన పుస్తకం. ఇంట్లో ఎనిమిదేళ్ల పిల్ల ఉంటే 'ద డాల్స్ హౌస్'ను పక్కన కూర్చుని కలిసి చదవండి.